చిక్కటి ఆయిల్ పోసినా వెలిగిన లైటు: ఒక టమాటా పికప్ కేసు

మదనపల్లె టమాటా యార్డుకి సరుకు తోలే పికప్ అది. 2021 మోడలు, బీఎస్-6 కాలుష్య ప్రమాణం, రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల కామన్ రైల్ డీజిలు. టర్బో ఉంది, సైలెన్సర్ దారిలో మసిని వడకట్టే డీపీఎఫ్ ఉంది. 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఓనరే డ్రైవరు, ముప్పై దాటని కుర్రాడు. నా షెడ్డుకి వచ్చేసరికి అతని జేబులో ఒక చీటీ ఉంది. వేరే చోట రాసిచ్చిన అంచనా: ఇంజన్ దించాలి, బేరింగులూ ఆయిల్ పంపూ మార్చాలి, క్రాంకు చూశాక మిగతా ఖర్చు చెప్తాం. సీజను నడుమ బండి ఇరవై రోజులు షెడ్డులో పడుకుంటే ఏమవుతుందో అతని ముఖంలోనే కనబడుతోంది.

"అన్నా, బండి కాగినాక ఆయిల్ లైటు ఎలిగి ఆరిపోతా ఉండాది. యార్డు కాడ లైన్లో నిలబెడితే మెరస్తాది, రవ్వంత రేసిస్తే పోతాది. 20-50 ఆయిల్ పోసినారు. పది దినాలు బాగుండె, మళ్లా మొదటికే వచ్చె."

ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగే ఆ లైటు మెరిస్తే, 20-50 లాంటి చిక్కటి ఆయిల్ పోయడం మా వృత్తిలో చాలా పాత అలవాటు. జీపులు, పాత ట్రాక్టర్లు, అరిగిన ఇంజన్ల కాలంలో అది కొంతవరకు పనిచేసింది కూడా. బేరింగు అరిగి సందు పెరిగితే, ఆ సందులోంచి ఆయిల్ త్వరగా జారిపోకుండా చిక్కదనం కాస్త అడ్డుపడేది. ఈ బండి విషయంలో ఆ అలవాటు ఒక నెల రోజులు అసలు జబ్బుని కప్పిపెట్టింది. ఇంకో నెల గడిచి ఉంటే ఆ చీటీలో రాసిందే నిజమయ్యేది. అందుకే ఈ కేసుని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

మొదటి రోజు నేను దారి తప్పిన చోటు

బండి రాగానే మా కుర్రాడు డిప్‌స్టిక్ లాగి చూసి "ఫుల్లుగా ఉందన్నా" అన్నాడు. నేను ఆ మాటని మంచి కబురుగా తీసుకున్నాను. ఆయిల్ తక్కువుందా అని చూడటానికే మన కన్ను అలవాటు పడింది, ఎక్కువుందేమో అని ఎవరూ చూడరు. ఆ ఒక్క పొరపాటుతో సగం రోజు పోయింది.

ముందు ప్రెషర్ స్విచ్ అబద్ధం చెప్తోందేమో అనుకున్నాను. స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజి బిగించి, బండిని పుంగనూరు రోడ్డు మీద అరగంట తిప్పి తెచ్చాను. ఐడిల్‌లో 0.5 బార్. 2000 ఆర్‌పీఎం దగ్గర 2 బార్ కూడా సరిగా నిలవడం లేదు, ముల్లు వణుకుతోంది. సర్వీసు మాన్యువల్ ప్రకారం కాగిన ఇంజనుకి ఐడిల్‌లో కనీసం 0.8 ఉండాలి. అంటే స్విచ్ చెప్పేది నిజమే, ప్రెషర్ నిజంగానే లేదు.

ఇక చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి ఆయిల్ జాలీ చూద్దాం, ఒక బిగెండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోటు) మూత విప్పి బేరింగు చూద్దాం అని ఆయిల్ దించాం. దించిన ఆయిల్‌ని కొలిచే అలవాటు నాకుంది, ఈ కేసులో నన్ను కాపాడింది అదే. ఫిల్టరుతో కలిపి ఈ ఇంజనుకి పట్టేది ఆరున్నర లీటర్లు. దిగింది 7 లీటర్ల 700. నెల కింద ఆరున్నర పోశారని బిల్లులో ఉంది. నడిచే ఇంజన్లో ఆయిల్ కొద్దో గొప్పో తగ్గాలి. ఇక్కడ లీటరుకి పైగా పెరిగింది!

వేలికి రాసుకుంటే నీళ్లలా జారింది. డీజిలు వాసన. తెల్ల ఫిల్టరు కాగితం మీద ఒక చుక్క వేసి పక్కన పెట్టాం. గంట తర్వాత చూస్తే నడుమ నల్లటి మసి మచ్చ, దాని చుట్టూ బూడిదరంగు, అన్నిటికీ బయట లేత పసుపు నూనె వలయం వెడల్పుగా పాకింది. ఆ బయటి వలయం డీజిలు కలిసిందనడానికి గుర్తు. లెక్క తేల్చుకోవడానికి ఒక సీసాలో నమూనా పట్టి, చెన్నై పోయే బండిలో ఆయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కి పంపించాను.

బిగెండ్ బేరింగు చిప్ప మీద పైపూత నిగనిగలాడుతోంది, అక్కడక్కడా సన్నటి గీతలు ఉన్నాయి, పూత అరిగితే కనబడే రాగిరంగు మాత్రం ఎక్కడా బయటపడలేదు. క్రాంకు జర్నల్ నున్నగా ఉంది. జాలీలో చెత్త లేదు. ఇంజన్ దించాల్సిన పని లేదని ఓనరుకి అప్పుడే చెప్పేశాను. అతను అక్కడే టైరు మీద కూలబడ్డాడు.

డీజిలు ఎక్కడి నుంచి వచ్చింది

ఇంజన్ ఆయిల్లోకి డీజిలు రావడానికి కారే ఇంజెక్టరు ఒక కారణం. ఇంజెక్టర్లు వెనక్కి వదిలే డీజిలు (రిటర్ను) కొలిచాం, స్కానర్లో నాలుగు సిలిండర్ల కరెక్షన్ విలువలు చూశాం, అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. పొగ లేదు, మిస్సింగ్ లేదు. హైప్రెషర్ పంపు సీలు కూడా బాగుంది. అప్పుడు నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను: "తమ్ముడూ, ఈ మధ్య బండి ఏ లైన్లో తిప్పుతున్నావు?"

సీజనుకి ముందు అతను చెన్నై లైను తోలేవాడు. రాత్రి లోడు ఎత్తితే తెల్లారేసరికి దింపుడు, భాకరాపేట ఘాటు మీదుగా ఖాళీ క్రేట్లతో తిరుగు ప్రయాణం. సీజను మొదలయ్యాక పల్లెల నుంచి యార్డుకి తోలడం మొదలుపెట్టాడు. పది, పన్నెండు కిలోమీటర్ల ట్రిప్పులు, రోజుకి నాలుగైదు. యార్డు బయట లైన్లో గంటల తరబడి ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, అడుగు అడుగు జరపడం. దింపుడు కాగానే ఇంజన్ ఆఫ్.

జబ్బు అక్కడుంది. డీపీఎఫ్ పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. మసి నిండితే దాన్ని అక్కడే కాల్చేయాలి, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజన్ కంప్యూటరు పవర్ స్ట్రోక్ చివర్లో అదనంగా డీజిలు చిమ్ముతుంది. అందులో కొంత సిలిండర్ గోడల మీద పడి, రింగుల సందుల్లోంచి చాంబర్లోకి దిగుతుంది. బండి హైవే మీద ఆగకుండా పావుగంట, ఇరవై నిమిషాలు పోతే ఆ పని ఒక్కసారితో ముగుస్తుంది, దిగే డీజిలూ తక్కువే. ఇతని బండిలో మొదలైన ప్రతిసారీ సగంలో ఆగిపోయింది. సగంలో ఆగితే మసి మిగిలిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలు, మళ్లీ ఆయిల్లోకి డీజిలు. పెట్రోలు కలిస్తే ఇంజన్ బాగా కాగినప్పుడు చాలావరకు ఆవిరైపోతుంది. డీజిలు మరగడం మొదలయ్యేదే 180 డిగ్రీలకి అటూ ఇటూ. చాంబర్లో ఆయిల్ 100, 110 దగ్గర ఉంటుంది. అందుకని దిగింది దిగినట్టే ఉండిపోతుంది.

నాలుగో రోజు ల్యాబ్ కాగితం వచ్చింది. డీజిలు 15 శాతం. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 8.9 సెంటీస్టోక్స్.

ఆ 8.9 అంటే ఏమిటో చెప్పాలి. ఎస్‌ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంఘం వాళ్ల జే300 ప్రమాణం ప్రకారం డబ్బా మీది రెండో అంకె (20-50లో 50) 100 డిగ్రీల వేడిలో చిక్కదనానికి పెట్టిన మెట్టు. 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు. 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. అంటే 50 అని రాసి ఉన్న ఆయిల్ నెల రోజుల్లో 30 మెట్టు కింది అంచు కూడా దాటి జారిపోయింది. దీనికి తోడు చాంబర్లో మట్టం లీటరుకి పైగా పెరగడంతో క్రాంకు ఆయిల్‌ని చిలికి నురుగు చేస్తోంది. గేజి ముల్లు వణుకుడు ఆ గాలి బుడగల వల్లే. పది రోజులు లైటు ఆరింది కదా అంటే, ఆయిల్ కొత్తది కాబట్టి ఆరింది. మాన్యువల్లో ఉన్న గ్రేడు పోసి ఉన్నా అలాగే ఆరేది.

చిక్కదనం పెంచితే పోయేదేమిటి

"పోనీ నా, 20-50 వల్ల నష్టమేముంది?" అని ఓనరు అడిగాడు. చాలామంది అడిగేదే కాబట్టి దీని దగ్గర కాస్త నిలబడతాను.

ఆయిల్ చిక్కదనం వేడితో విపరీతంగా మారుతుంది. మామూలుగా దొరికే 5డబ్ల్యూ-30 చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 70 సెంటీస్టోక్స్ ప్రాంతంలో, 15డబ్ల్యూ-40ది 110 దగ్గర, 20డబ్ల్యూ-50ది 160 దగ్గర ఉంటుంది. అవే 100 డిగ్రీలకి కాగితే 12, 14.5, 18 దగ్గరికి దిగుతాయి. ఇంజన్ కొలతలు ఈ కాగిన అంకెల కోసం చేసినవి. అంటే పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు మనం 'నీళ్లలాంటి' ఆయిల్ అనుకునే 5డబ్ల్యూ-30 కూడా ఇంజనుకి కావలసిన దానికంటే ఆరు రెట్లకు పైగా చిక్కగానే ఉంటుంది. చల్లటి ఇంజన్లో ఏ ఆయిలూ పలచన కాదు.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీల దాకా దిగుతుంది. అలాంటప్పుడు 20-50 పోసిన బండి స్టార్ట్ చేస్తే గేజి ముల్లు ఐదు బార్ దాటుతుంది. చూసినవాళ్లకి అబ్బా ఏం ప్రెషర్ అనిపిస్తుంది. ప్రెషర్ ఎక్కువైతే పంపులోని రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌ని తిరిగి చాంబర్లోకే వదిలేస్తుంది. గేజిలో ముల్లు పైన ఉంటుంది, బేరింగుకీ టర్బోకీ అందే ఆయిల్ మాత్రం తక్కువ. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే వస్తువు. ఆయిల్ అందని ప్రతి సెకనూ దాని బుష్‌ని తింటుంది. 

మన ఎండలకి 50 ఉండాలన్న మాట కూడా తరచూ వింటాను. బయట 42 డిగ్రీలున్నా 25 ఉన్నా, నీళ్లతో చల్లబడే ఇంజన్లో థర్మోస్టాటూ ఆయిల్ కూలరూ కలిసి ఆయిల్ వేడిని దాదాపు ఒకే చోట పట్టి ఉంచుతాయి. లోడుతో ఘాటు ఎక్కితే పెరుగుతుంది, నిజమే. ఆ పెరుగుదలని లెక్కలో పెట్టుకునే తయారీదారు గ్రేడు రాస్తాడు.

వీటికంటే పెద్ద నష్టం బూడిదది. ఆ 20-50 డబ్బా పాత ఇంజన్ల కోసం చేసినది, అందులో కాల్షియం, జింకు మందుల పాళ్లు ఎక్కువ. ఇంజన్లో కాలే కొద్దిపాటి ఆయిల్ నుంచి వచ్చే ఈ బూడిద డీపీఎఫ్‌లో చేరుతుంది. మసి కాలిపోతుంది, బూడిద కాలదు, అక్కడే గడ్డకడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్లో గంధకం 10 పీపీఎంకి దిగింది కాబట్టి, గంధకం వల్ల పుట్టే ఆమ్లాన్ని విరిచే మందులు ఆయిల్లో పాత రోజులంత ఘాటుగా అవసరమూ లేదు. ఇతను ఒక నెలే వాడాడు కాబట్టి డీపీఎఫ్ బతికింది. రెండేళ్లు అదే పోసుంటే ఆయిల్ లెక్క పక్కకి పోయి, డీపీఎఫ్ ధర గురించి మాట్లాడుకోవాల్సి వచ్చేది.

ఏది పోయాలి

ఈ బండి మాన్యువల్లో రెండు గ్రేడ్లున్నాయి: ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదారుల సంఘం) సీ3 తరగతి 5డబ్ల్యూ-30, లేదా ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) సీకే-4 తరగతి 15డబ్ల్యూ-40. రెండూ తక్కువ బూడిదవే. సీ3లో బూడిద 0.8 శాతం మించకూడదు, సీకే-4లో 1 శాతం.

"లోడు బండికి 30 ఏంది నా, సైకిల్ చైనుకి వేస్తారు అట్లాంటిది" అన్నాడు ఓనరు. అతని భయం అర్థం లేనిది కాదు. టాప్ గేరులో తక్కువ స్పీడుతో బరువు లాగేటప్పుడు బేరింగులో ఆయిల్ పొర సన్నబడుతుంది, అప్పుడు చిక్కదనమే దాన్ని నిలబెడుతుంది. కానీ ఆ బలాన్ని 30, 40 అన్న అంకె పూర్తిగా చెప్పదు. దానికి వేరే కొలత ఉంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగేంత ఒరిపిడిలో మిగిలే చిక్కదనం అది. 15డబ్ల్యూ-40కి అది కనీసం 3.7 ఉండాలి. సీ3 ఆయిల్‌కి 30 గ్రేడే అయినా కనీసం 3.5 ఉండాలి. తేడా అంతే. అదే సీ2 తరగతి 5డబ్ల్యూ-30 అయితే 2.9 ఉన్నా చాలు. రెండు డబ్బాల మీదా ముందువైపు పెద్దక్షరాల్లో 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది, లోడు బండికి పనికొచ్చేది ఒకటే. డబ్బా వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదవమని నేను పోరేది ఇందుకే.

కాబట్టి ఇతని ఇంజనుకి 5డబ్ల్యూ-30 సీ3 పోసినా తప్పు కాదు. అయినా 15డబ్ల్యూ-40 సీకే-4 ఎంచుకున్నాను. సీజను అయ్యేదాకా ఇతను పల్లె ట్రిప్పులు మానలేడు, ఎంత జాగ్రత్త పడినా కొంత డీజిలు దిగుతూనే ఉంటుంది. లెక్క వేసి చూశాను. 14.5 దగ్గర మొదలయ్యే 40లో 5 శాతం డీజిలు కలిస్తే సుమారు 11.7కి, 10 శాతం కలిస్తే 9.6కి దిగుతుంది. 12 దగ్గర మొదలయ్యే 30లో 5 శాతానికే 9.9, 10 శాతానికి 8.3. పది శాతం కలిసినా 40 ఇంకా ఈ ఇంజనుకి చెల్లే మెట్టు మీదే ఉంటుంది, 30 ఉండదు. ఇంకోటి డబ్బు. సింథటిక్ 5డబ్ల్యూ-30కి ఎక్కువ ధర పెట్టేది ఎక్కువ కిలోమీటర్లు నడుస్తుందని. డీజిలు కలిసే బండిలో ఎంత మంచి ఆయిలైనా త్వరగా దించేయాల్సిందే. నడవని కిలోమీటర్లకి డబ్బు కట్టించడం నాకు ఇష్టం లేకపోయింది.

చేసిన పని

కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేశాకే స్కానర్‌తో డీపీఎఫ్ కాల్చాం. ఈ వరుస ముఖ్యం. మట్టం పెరిగిన ఆయిల్‌తో ముందే కాల్చడానికి పూనుకుంటే ఇంకా డీజిలు దిగుతుంది. చాంబర్లోని ఆవిరిని బయటికి లాగే బ్రీదర్ గొట్టం ద్వారా ఇంజన్ తన ఆయిల్‌నే పీల్చి మండించుకోవడం మొదలుపెడితే, తాళంచెవి తిప్పేసినా ఆగదు. అలా పరుగెత్తి పగిలిన ఇంజన్ని ఒకదాన్ని చూశాను, మళ్లీ చూడాలని లేదు.

రెండు విడతలు కాల్చాక డీపీఎఫ్ ముందు వెనకల ప్రెషర్ తేడా మామూలుకొచ్చింది. అరగంట రోడ్డు మీద తిప్పి తెచ్చి గేజి చూస్తే ఐడిల్‌లో 1.2 బార్, 2000 దగ్గర 3.3, ముల్లు కదలకుండా నిలబడింది. కాల్చేటప్పుడు డీజిలు దిగింది కాబట్టి ఆ ఆయిల్‌ని వెయ్యి కిలోమీటర్లకే దించేశాం. కొత్త ఆయిల్‌ని అంత త్వరగా పారబోయడానికి ఓనరుకి ప్రాణం ఒప్పలేదు, నిజమే. చేతిలో ఉన్న ఆ పాత చీటీ ఇంకోసారి చూపించాను, ఒప్పుకున్నాడు.

బండి నడిపే తీరు మారకపోతే ఏ ఆయిలూ నిలవదు. డీపీఎఫ్ కాలుతున్నప్పుడు ఐడిల్ కొంచెం పెరుగుతుంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, సైలెన్సర్ దగ్గర వేడి వాసన వస్తుంది. అవి కనబడితే ఇంజన్ ఆపొద్దని చెప్పాను. లైన్లో ఉంటే బయటికి రాలేనన్నాడు, అది నిజమే, టమాటా ఎవరి కోసమూ ఆగదు. అందుకని రోజూ చివరి దింపుడు అయ్యాక, యార్డు నుంచి నేరుగా ఇంటికి పోకుండా కదిరి రోడ్డులో పాతిక కిలోమీటర్లు ఒక గేరు తగ్గించి, 2000 ఆర్‌పీఎం పైన నడిపి రమ్మన్నాను. ఆ డీజిలు ఖర్చు అతనికి బరువే. లైన్లో మిగతా సమయమంతా ఇంజన్ ఆపేస్తే అందులో చాలావరకు తిరిగొస్తుంది.

ఆయిల్ మార్పు 5,000 కిలోమీటర్లకి. డిప్‌స్టిక్ మీద పై గీతకి అగ్గిపుల్ల మందం పైకి ఆయిల్ కనబడితే, కిలోమీటర్లతో పనిలేకుండా బండి తెచ్చేయాలి. ప్రతి సోమవారం పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ ఫొటో తీసి పంపమన్నాను.

నాలుగు నెలలైంది. లైటు మెరవలేదు. మొన్న 5,000 దగ్గర దించినప్పుడు 6 లీటర్ల 600 వచ్చింది, ల్యాబ్‌లో డీజిలు 3 శాతం అని తేలింది. నేను పెట్టుకున్న హద్దు 4 శాతం.

ఇదే మోడల్ పికప్ నా దగ్గరికి ఇంకోటి వస్తుంది. అది ఏడాది పొడుగునా చెన్నై లైనే తోలుతుంది. దానికి మొదటి నుంచీ 5డబ్ల్యూ-30 సీ3 పోస్తున్నాను, కంపెనీ చెప్పిన కిలోమీటర్లు పూర్తిగా నడుపుతున్నాను. పోయినసారి దించితే మట్టం పావు లీటరు తగ్గి ఉంది, కాగినప్పుడు ఐడిల్‌లో 1 బార్ చూపించింది. సీజను అయిపోయి ఈ కుర్రాడు మళ్లీ చెన్నై లైనుకి పోతే ఇతని బండికీ అదే ఆయిల్ పోస్తాను. ఇప్పటికైతే నిన్న సోమవారం ఫొటో వచ్చింది. ఆయిల్ పై గీతకి కొంచెం కిందే ఉంది.